త్రీడీ పాఠం చేయాలనుంది, ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలం. జిల్లా పరిషత్ హైస్కూల్లో బయాలజీ చెబుతున్నాను. పిల్లలు వేలితో తిప్పుకుని, దగ్గరికి లాక్కుని, విప్పి చూసుకునే త్రీడీ నమూనాలు సొంతంగా తయారుచేయాలని ఎప్పటినుంచో కోరిక. బోర్డు మీద బొమ్మలు బాగానే వేస్తాను. కంప్యూటర్లో మాత్రం వర్డ్, పవర్‌పాయింట్ తప్ప ఏమీ రాదు. త్రీడీ బొమ్మలు చేసే బ్లెండర్ అనే సాఫ్ట్‌వేర్ దించుకుని తెరిస్తే ఆ బటన్లు చూసి టెన్షన్ వచ్చి మూసేశాను. నా లాప్‌టాప్‌లో 4 జీబీ ర్యామ్ ఉంది, గ్రాఫిక్స్ కార్డు లేదు. విశాఖలో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఆరు నెలల కోర్సుకు నలభై వేలు అడుగుతున్నారు. కొత్త కంప్యూటర్ కూడా కొనుక్కోవాలట. వచ్చే ఏడాదికి పదో తరగతి బయాలజీ మొత్తం త్రీడీలో చేసేయాలని ఉంది. నావల్ల అవుతుందా? ఎక్కడ మొదలుపెట్టాలి?

— ఒక ఉపాధ్యాయుడు, ఉద్దానం

సమాధానం: మాస్టారూ, ముందు డబ్బు సంగతి తేల్చేద్దాం. ఆ నలభై వేలు కట్టకండి, కొత్త కంప్యూటరూ కొనకండి. అలాంటి కోర్సుల్లో ఎక్కువ భాగం సినిమాలకు, ప్రకటనలకు పనికొచ్చే విద్య నేర్పుతారు. లైటింగ్, కెమెరా, రెండరింగ్ వగైరా. ఒక్కో ఫ్రేమును కంప్యూటర్ నిమిషాల తరబడి గీసుకుంటూ కూర్చోవాలి కాబట్టి వాళ్లకు పెద్ద మిషన్లు కావాలి. మీ పని అది కాదు. మీరు తేలికైన నమూనా ఒకటి చేసి ఇస్తే, దాన్ని అప్పటికప్పుడు గీసి చూపించే పని పిల్లవాడి చేతిలో ఉన్న ఫోనే చేసుకుంటుంది. రెండరింగ్ అన్న అధ్యాయమే మీకు అక్కర్లేదు.

పిండి కొద్దీ రొట్టె అన్నట్టు, మీ లాప్‌టాప్‌కు తగ్గ బ్లెండర్ వేసుకుంటే సరిపోతుంది. కొత్త వెర్షన్లు కనీసం 8 జీబీ ర్యామ్ ఉండాలంటాయి. 2021లో వచ్చిన 2.93 వెర్షన్ 4 జీబీలో నడుస్తుంది. బ్లెండర్ అధికారిక సైట్లోనే పాత వెర్షన్లన్నీ ఉంచారు, అక్కడినుంచే దించుకోండి. పైసా కట్టక్కర్లేదు. నెదర్లాండ్స్‌లో టాన్ రోసెండాల్ మొదలుపెట్టిన ఈ సాఫ్ట్‌వేర్, దాన్ని నడిపిన కంపెనీ మూతపడ్డాక ఆగిపోవలసిందే. 2002లో వాడేవాళ్లంతా చందాలు వేసుకుని లక్ష యూరోలు పోగుచేసి దాన్ని విడిపించుకున్నారు. అప్పటినుంచి అది అందరి సొత్తు. మన సర్కారు బడి పిల్లల కోసం చేసే పనికి ఇంతకన్నా తగిన పనిముట్టు నాకు కనిపించలేదు.

ఖర్చు పెట్టాల్సింది ఒక్కటే ఉంది: చక్రం ఉన్న మంచి మౌస్. టచ్‌ప్యాడ్‌తో బ్లెండర్ నేర్చుకోవడమంటే చుక్కలు కనిపిస్తాయి. చాలామంది మొదటి వారంలోనే మానేయడానికి సగం కారణం ఇదే.

ఇక పదో తరగతి బయాలజీ మొత్తం అన్నారే, ఆ ఆలోచన పక్కన పెట్టండి. ఒక్క పాఠం, అందులోనూ ఒక్క నమూనా. అది పిల్లల చేతుల్లో తిరిగాక రెండోది. మీ ఉత్సాహం మీద నీళ్లు చల్లడానికి చెప్పడం లేదు. అన్ని పాఠాలకూ త్రీడీ అవసరం లేదు. మెండల్ నిష్పత్తులకు నోట్‌బుక్కులో గీసిన గడులు చాలు. కిరణజన్య సంయోగక్రియ సమీకరణానికి నల్లబల్ల చాలు. కాగితం మీది బొమ్మ ఏదైనా ముఖ్యమైన సంగతిని దాచేస్తున్నప్పుడు, పిల్లవాడు అటు తిప్పితేనే అది బయటపడేటప్పుడు మాత్రమే త్రీడీ చేయాలి. ఆ రెండూ లేకపోతే ఎంత అందంగా చేసినా అది తిరిగే బొమ్మగానే మిగిలిపోతుంది. పిల్లలు ఒకసారి గిర్రున తిప్పి, బాగుంది సార్ అని పక్కన పెట్టేస్తారు.

మీ సోషల్ మాస్టారు ఎవరైనా ఆసక్తి చూపిస్తే ఆయనకు అరసవల్లి అప్పగించండి. మార్చి రెండో వారంలోనూ, అక్టోబరు మొదటి రోజుల్లోనూ ఉదయపు ఎండ సూర్యనారాయణ స్వామి పాదాల మీద ఎందుకు పడుతుంది, మిగతా రోజుల్లో ఎందుకు పడదు అన్నది మన జిల్లా పిల్లలందరికీ తెలిసిన వింత. మార్చి విషువత్తుకు (పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజుకు) పది రోజుల ముందు, సెప్టెంబరు విషువత్తుకు పది రోజుల తరువాత సూర్యుడు ఇంచుమించు ఒకే చోట ఉదయిస్తాడు, సరిగ్గా తూర్పుకు కొంచెం దక్షిణంగా. వంగిన భూగోళం, ఒక దీపం, తేదీ మార్చే ఒక స్లైడర్ ఉంటే పిల్లలు తమంతట తామే కనుక్కుంటారు. అదీ త్రీడీ అడిగే పాఠం.

మీకు నేను చెప్పేది నెఫ్రాన్, మూత్రపిండంలో రక్తాన్ని వడకట్టే అతి సన్నని గొట్టం. కవిటిలో పాఠాలు చెప్పే బయాలజీ మాస్టారికి ఇంతకన్నా దగ్గరి పాఠం ఇంకొకటి ఉండదు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు ఎక్కడ చూసినా కిడ్నీ జబ్బు తెలియని ఇల్లు తక్కువ. మీ క్లాసులో డయాలసిస్ అన్న మాట వినని పిల్లవాడు ఉండడు. విసర్జన పాఠం దగ్గరికి వచ్చేసరికి వాళ్లు పరీక్ష కోసం వినరు, ఇంట్లో మనిషి కోసం వింటారు. ఆ శ్రద్ధకు తగ్గ నమూనా ఇవ్వాలి మనం.

పైగా నెఫ్రాన్ బొమ్మ కాగితం మీద అబద్ధమాడుతుంది. పుస్తకంలో ఎలా ఉంటుందో చూడండి. పైన ఒక పక్క బౌమన్ గుళిక, దాన్నుంచి మెలికల నాళిక, కిందికి దిగి పైకి వచ్చే హెన్లీ శిక్యం, మళ్లీ మెలికలు, ఆ తరువాత దూరంగా ఇంకో పక్క సంగ్రహణ నాళం. అన్నీ విడివిడిగా కనిపించాలని పరిచి గీస్తారు. నిజానికి హెన్లీ శిక్యం మూత్రపిండం లోపలి భాగమైన దవ్వలోకి దిగి మళ్లీ బయటి భాగమైన వల్కలంలోకి వచ్చాక, ఆ నాళిక తను బయలుదేరిన రక్తకేశనాళికాగుచ్ఛం (గుళికలో ఉండే సన్నని రక్తనాళాల ముద్ద) దగ్గరికే తిరిగి వచ్చి, లోపలికి రక్తం తెచ్చే అభివాహి ధమనికకూ, బయటికి తీసుకెళ్లే అపవాహి ధమనికకూ మధ్య ఆనుకుని వెళ్తుంది. వడపోత ఎలా సాగుతుందో అక్కడే కనిపెట్టుకుని చూస్తుంది మూత్రపిండం. పరిచిన బొమ్మలో ఇది ఎప్పటికీ కనిపించదు.

రెండో సంగతి ఇంకా పెద్దది. రెండు మూత్రపిండాలూ కలిసి రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడకడతాయి. మనం పోసే మూత్రం లీటరున్నర. మిగతాదంతా ఎటు పోయింది? నాళిక చుట్టూ అల్లుకుని ఉండే రక్తకేశనాళికల వల దాన్ని తిరిగి రక్తంలోకి తీసేసుకుంటుంది. పందిరి రాటకు చిక్కుడు తీగ చుట్టుకున్నట్టు ఉంటుందా వల. పుస్తకంలో బొమ్మ గజిబిజి అవుతుందని దీన్ని సగం చెరిపేసి గీస్తారు. చెరిపేసిన ఆ సగంలోనే అసలు పాఠం ఉంది.

కాబట్టి మీ మొదటి నమూనాలో పిల్లవాడు చేయాల్సిన పని ఒక్కటే పెట్టండి. మొదట వల లేని నెఫ్రాన్ కనిపించాలి. పైన ప్రశ్న: 180 లీటర్లు వడకట్టారు, లీటరున్నరే బయటికి వచ్చింది, మిగిలిన నీళ్లు ఎక్కడికి వెళ్లాయి? పిల్లలు తిప్పి చూసుకుని ఏదో ఒకటి చెబుతారు. తరువాత ఒక బటన్ నొక్కితే వల ప్రత్యక్షం కావాలి. తిప్పడం, ఆలోచించడం, నొక్కడం, అంతే. ఇంటరాక్టివ్ అంటే పది బటన్లు ఉండడం అని చాలామంది అనుకుంటారు. పిల్లవాడు ఏదో ఒకటి ఊహించి, దాన్ని తనే సరిచూసుకునే వీలు ఉంటే అదే ఇంటరాక్టివ్.

కంప్యూటర్ ముట్టుకునే ముందు ఎలక్ట్రిక్ షాపులో రెండు రంగుల వైరు రెండేసి మీటర్లు కొనండి, ఎరుపు, పసుపు. పసుపుది నాళిక, ఎరుపుది రక్తనాళం. వైరును వంచి చేత్తో నెఫ్రాన్ చేయండి. గుళికకు పిల్లల దగ్గరుండే క్లే సరిపోతుంది. ఈ పని ఎగ్గొట్టకండి. ఏ నాళిక దేని వెనకనుంచి పోతుంది, ఎక్కడ పైకి తిరుగుతుంది అన్నది మీ వేళ్లకు తెలిస్తేనే బ్లెండర్‌లో మౌస్‌కు తెలుస్తుంది. స్క్రీన్ ముందు కూర్చుని అనాటమీ, సాఫ్ట్‌వేర్ రెండూ ఒకేసారి నేర్చుకోబోతే రెండూ చేతికి రావు. ఆ వైరు నమూనాను నాలుగు పక్కలనుంచీ ఫోన్‌తో ఫొటోలు తీసి పెట్టుకోండి.

ఇప్పుడు బ్లెండర్. మిమ్మల్ని భయపెట్టిన ఆ బటన్లలో నూటికి తొంభై మీకు అవసరం లేదు. మౌస్ చక్రాన్ని నొక్కిపట్టి జరిపితే చూపు తిరుగుతుంది, చక్రం తిప్పితే దగ్గరికీ దూరానికీ పోతుంది. జి నొక్కితే వస్తువు జరుగుతుంది, ఆర్ తిప్పుతుంది, ఎస్ పెద్దదీ చిన్నదీ చేస్తుంది. షిఫ్ట్‌తో ఏ (A) నొక్కితే కొత్త వస్తువు చేరుతుంది. ట్యాబ్ నొక్కితే వస్తువు లోపలి బిందువుల్ని సవరించే పద్ధతిలోకి వెళ్తారు. మొదటి మూడు నాలుగు రోజులు ఇవే చేయండి: పెట్టెలు, గోళాలు పెట్టి జరపడం, తిప్పడం. బ్లెండర్ గురు అని పేరున్న ఛానెల్లో డోనట్ చేయించే పాఠాలు ఉన్నాయి, వేలమంది వాటితోనే చేయి తిప్పుకున్నారు. ఆకారం చేసేంతవరకు చూసి ఆపేయండి. రెండరింగ్ మొదలయ్యే చోట మీ దారి వేరు.

కొత్తవాళ్లు ఎక్కువ కష్టపడేది ఆకారాలు చెక్కడం దగ్గర. నెఫ్రాన్‌కు ఆ బాధ దాదాపు లేదు, ఎందుకంటే అదంతా గొట్టాలే. గొట్టాలకు బ్లెండర్‌లో సులువైన దారి ఉంది. షిఫ్ట్, ఏ (A) నొక్కి కర్వ్‌లో బెజియర్ అన్నది తీసుకోండి. సన్నని గీత ఒకటి వస్తుంది. ట్యాబ్ నొక్కి, చివరి బిందువును పట్టుకుని ఈ (E) అక్షరం నొక్కుతూ పోతే గీత పెరుగుతుంది. మీ వైరు ఎలా వంగిందో అలా వంచుకుంటూ పోండి. పక్కనుంచి మాత్రమే చూస్తూ గీస్తే అంతా ఒకే తలంలో చదునుగా పడుతుంది, అందుకని రెండు మూడు బిందువులకు ఒకసారి చూపు తిప్పి సరిచేయండి. తరువాత కుడివైపు పచ్చని కర్వ్ గుర్తు ఉన్న చోట జామెట్రీ, దాని కింద బెవెల్, అందులో డెప్త్ అన్న అంకె పెంచండి. గీత కాస్తా గొట్టమైపోతుంది.

ఇక్కడ నాకు బాగా ఇష్టమైన పని ఒకటి ఉంది. బిందువును ఎంచుకుని ఆల్ట్‌తో ఎస్ నొక్కి మౌస్ జరిపితే, ఆ ఒక్క చోట గొట్టం లావెక్కుతుంది, లేదా సన్నబడుతుంది. అభివాహి ధమనికను లావుగా, అపవాహి ధమనికను దానికన్నా సన్నగా చేయండి. లోపలికి వచ్చే దారి వెడల్పు, బయటికి పోయే దారి ఇరుకు కాబట్టే గుచ్ఛంలో ఒత్తిడి పెరిగి ద్రవం వడకట్టబడుతుంది. ఏటా బోర్డు మీద రాసి చెప్పే ఈ వాక్యం, ఆల్ట్ ఎస్‌తో మీరు చేసిన ఈ తేడాలో పిల్లల కంటికి కనిపిస్తుంది. తేడాను కొంచెం ఎక్కువ చేసి చూపించినా తప్పులేదు, అలా చేశామని నమూనా కింద ఒక మాట రాస్తే చాలు.

గుళికకు యూవీ గోళం తీసుకుని, ట్యాబ్‌లోకి వెళ్లి పై భాగం బిందువుల్ని ఎక్స్‌తో తీసేస్తే గిన్నె మిగులుతుంది. సాలిడిఫై అనే మాడిఫైయర్ వేస్తే దానికి మందం వస్తుంది. గుచ్ఛానికి సన్నని కర్వ్‌ను మెలికలు తిప్పి ఆ గిన్నెలో కూర్చోబెట్టండి. అసలు గుచ్ఛంలో చాలా లూపులు ఉంటాయి, మూడు నాలుగు పెడితే పిల్లలకు అర్థమవుతుంది. వలకు కూడా ఇదే పద్ధతి, సన్నని ఎరుపు కర్వులు నాళిక చుట్టూ. ఓపిక పట్టాల్సింది ఇక్కడే. దీనికి వారం పట్టినా పట్టనివ్వండి.

రంగుల దగ్గర పట్టుగా ఉండండి. చాలా చార్టుల్లో గుచ్ఛంలోకి వెళ్లే నాళం ఎరుపు, బయటికి వచ్చేది నీలం వేసి ఉంటుంది. అది తప్పు. రెండూ ధమనికలే, గుచ్ఛం దగ్గర రక్తం ఆక్సిజన్ వదిలి నీలం వైపు మారదు. రెండూ ఎరుపే వేయండి. నాళిక చుట్టూ ఉన్న వల దాటి సిరల్లోకి చేరే చోట మాత్రమే నీలం మొదలవ్వాలి. అలాగే గుళికలోకి దిగిన ద్రవం అప్పుడే మూత్రం కాదు కాబట్టి అక్కడ పసుపు పూయకండి. చాలా లేత రంగుతో మొదలుపెట్టి సంగ్రహణ నాళం దగ్గరికి వచ్చేసరికి చిక్కబరచండి. నాళికను నాలుగైదు ముక్కలుగా చేసుకుంటే ముక్కకో రంగు వేయడం తేలిక. ఈ శ్రద్ధ ఎందుకంటారేమో, కాగితం మీది తప్పును పిల్లలు మరిచిపోతారు, తమ చేత్తో తిప్పి చూసినదాన్ని మరిచిపోరు.

కొలత గురించీ ఒక మాట. ఒక్కో మూత్రపిండంలో దాదాపు పది లక్షల నెఫ్రాన్లు ఉంటాయి. గుచ్ఛం అడ్డుకొలత మిల్లీమీటరులో అయిదో వంతు. అరచేయంత మూత్రపిండంలో వేలంత నెఫ్రాన్ ఒక్కటి పెట్టి చూపిస్తే పిల్లలు అదే నిజమనుకుంటారు. నెఫ్రాన్‌ను విడిగానే చూపించండి.

నమూనా పూర్తయ్యాక ఫైల్ కాపీ ఒకటి దాచిపెట్టుకుని, ఆబ్జెక్ట్ మెనూలో కన్వర్ట్‌తో కర్వులన్నిటినీ మెష్‌గా మార్చండి. మార్చేముందే బరువు తగ్గించాలి. కర్వ్ రిజల్యూషన్ 12 ఉన్న చోట 5 చేయండి, బెవెల్ రిజల్యూషన్ 4 ఉన్న చోట 2 చేయండి. కంటికి తేడా తెలియదు, ఫైల్ మాత్రం బాగా తగ్గుతుంది. రంగులకు ప్రిన్సిపుల్డ్ అనే మామూలు మెటీరియల్‌లో బేస్ కలర్ మాత్రమే వాడండి. నాయిస్ లాంటి హంగులు బ్లెండర్‌లో కనిపిస్తాయి, బయటికి మాత్రం రావు. తరువాత ఎక్స్‌పోర్ట్‌లో జీఎల్‌టీఎఫ్ ఎంచుకుని జీఎల్‌బీ ఫైల్‌గా రాయించండి. ఫోన్లు, బ్రౌజర్లు, పవర్‌పాయింట్ కొత్త వెర్షన్లు అన్నీ చదవగలిగే రూపం ఇది. మూడు ఎంబీ దాటకుండా చూసుకోండి. మీ పిల్లలు వాడేది ఇంట్లో అమ్మదో నాన్నదో పాత ఫోన్, అందులో మిగిలే డేటా అంతంత మాత్రం. జీఎల్‌బీలు రెండు కావాలి: వల లేనిది ఒకటి, వల ఉన్నది ఒకటి. ఒకే సీన్‌లోనుంచి, కావలసినవాటిని మాత్రం సెలెక్ట్ చేసి రెండుసార్లు ఎక్స్‌పోర్ట్ చేస్తే రెండూ సరిగ్గా ఒకే చోట కూర్చుంటాయి.

పిల్లల ముందు పెట్టడానికి గూగుల్ ఉచితంగా ఇచ్చిన మోడల్ వ్యూయర్ అనే పనిముట్టు చాలు. దాని సైట్లోనే ఒక ఎడిటర్ ఉంది. మీ జీఎల్‌బీని లాగి అందులో వదిలి, ఎక్కడ కావాలంటే అక్కడ నొక్కి చుక్కలు పెట్టి, ఒక్కో చుక్కకూ పేరు రాసుకోవచ్చు. అంతా అయ్యాక జిప్‌గా దించుకుంటే వెబ్ పేజీ సిద్ధంగా వస్తుంది. ఆ పేజీలో ఒక బటన్ చేర్చి, నొక్కగానే మొదటి ఫైల్ పేరు స్థానంలో రెండో ఫైల్ పేరు పడేలా ఒక్క లైను జావాస్క్రిప్ట్ రాయాలి. మీకు రాకపోతే బడిలో కంప్యూటర్ తెలిసిన వాళ్లను అడగండి, పావుగంట పని. ఫైల్ మారినప్పుడు నమూనా ఎగిరి పక్కకు పడ్డట్టు కనిపిస్తే కెమెరా ఆర్బిట్, కెమెరా టార్గెట్ విలువలు స్థిరంగా రాసేయండి, కుదురుకుంటుంది.

పేర్లు మాత్రం బ్లెండర్‌లో త్రీడీ అక్షరాలుగా రాయకండి. తెలుగు ఒత్తులు విడిపోయి చదవడానికి వీల్లేకుండా రావచ్చు. పైగా ఒక్క అక్షరం దిద్దాలన్నా మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేయాలి. చుక్కల్లో రాస్తే ఫోన్‌లో ఉండే ఫాంటే చక్కగా చూపిస్తుంది. మన పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు ఉంటున్నాయి కదా, మీరూ పైన తెలుగు, కింద ఇంగ్లిష్ రాయండి. చుక్కలు ఏడెనిమిది దాటనివ్వకండి.

ఆ పేజీని మీ లాప్‌టాప్‌లో డబుల్ క్లిక్ చేస్తే నమూనా కనిపించదు, ఖాళీ డబ్బా కనిపిస్తుంది. కంగారు పడకండి, ఏమీ పాడవలేదు. డిస్కులోనుంచి తెరిచిన పేజీ పక్కనున్న ఫైళ్లను చదవకుండా బ్రౌజర్ ఆపేస్తుంది. వెబ్ పేజీలు పెట్టుకోనిచ్చే గిట్‌హబ్ పేజెస్‌లో ఉచితంగా పెట్టి ఆ లింకు తెరవండి. బడిలో నెట్ నమ్మకం లేకపోతే లాప్‌టాప్‌లో పైథాన్ వేసుకుని, ఒక్క లైనుతో చిన్న లోకల్ సర్వర్ నడపొచ్చు. అప్పుడు మోడల్ వ్యూయర్ స్క్రిప్ట్ ఫైల్ కూడా దించి పక్కనే పెట్టుకోండి, ఎక్స్‌పోర్ట్‌లో డ్రాకో కంప్రెషన్ ఆన్ చేయకండి. డ్రాకోను విప్పే భాగం కోసం అది నెట్‌కు వెళ్తుంది. మీ బడిలో ఐఎఫ్‌పీ ప్యానెల్ (గోడకు పెట్టే పెద్ద టచ్ తెర) ఉంటే లాప్‌టాప్‌ను హెచ్‌డీఎంఐ వైరుతో కలపండి. చాలా ప్యానెళ్లకు టచ్ కోసం విడిగా యూఎస్‌బీ పోర్టు ఉంటుంది, ఆ వైరు కూడా పెడితే పిల్లలు ప్యానెల్ మీదే వేలితో తిప్పుకోవచ్చు.

క్లాసులో పెట్టే ముందు ఇద్దరు ముగ్గురు పిల్లల్ని పిలిచి ఫోన్ చేతికివ్వండి. ఒకరు బాగా చదివేవారు, ఒకరు వెనక బెంచీ వారు ఉండాలి. ఏమీ చెప్పకండి. అటు తిప్పు, ఇటు నొక్కు అనాలని నోటిదాకా వస్తుంది, ఆపుకోండి. వాళ్ల వేలు ఎటు పోతోందో చూడండి. బటన్‌ను ఎవరూ నొక్కకపోతే అది కనిపించని చోట ఉందన్నమాట. నమూనా తిరుగుతుందని తెలియక స్క్రీన్‌ను పైకీ కిందికీ జరుపుతుంటే, తెరవగానే అది కొంచెం తనంతట తాను కదిలేలా పెట్టాలన్నమాట. తరువాత నమూనా మూసేసి, నెఫ్రాన్ బొమ్మ కాగితం మీద గీయమనండి. వల గీశారా? నాళిక గుచ్ఛం దగ్గరికి తిరిగొచ్చిందా? మీ నమూనాకు అసలు పరీక్ష అదే.

మీ ప్రాంతం కనుక ఒక జాగ్రత్త చెప్పాలి. పిల్లలు ఉద్దానం జబ్బు ఎందుకొస్తుందని అడుగుతారు. శాస్త్రవేత్తలు ఏళ్లుగా పరిశోధిస్తున్నా కారణం ఇదీ అని ఇంకా తేల్చలేదు. కాబట్టి నీళ్లలో ఫలానాది వచ్చి నెఫ్రాన్‌ను పాడుచేస్తోంది అన్నట్టు యానిమేషన్ ఎంత ఆకర్షణీయంగా తోచినా చేయకండి. పాడైన నెఫ్రాన్ నమూనా కూడా మొదట్లో వద్దు. ఇంట్లో నాన్న మంచం మీద ఉన్న పిల్ల ఆ బొమ్మను ఎలా చూస్తుందో మనకు తెలియదు. బాగా పనిచేసే నెఫ్రాన్ ఎంత అద్భుతమో చూపించండి. ప్రశ్నలు వాళ్లనుంచి వచ్చినప్పుడు మీరు నోటితో, మెల్లగా చెప్పండి.

రెండో నమూనా ఏది అని మీరు అడగలేదు గానీ చెప్పేస్తాను. డయాలసిస్ మిషన్‌లో ఉండే ఫిల్టర్. సన్నని బోలు గొట్టాలు వేలల్లో ఉంటాయి దానిలో. రక్తం వాటి లోపలినుంచి పోతుంది, శుభ్రపరిచే ద్రవం బయటినుంచి ఎదురు దిశలో వస్తుంది. బ్లెండర్‌లో ఒక్క సిలిండర్ చేసి, అర్రే మాడిఫైయర్‌తో వరసలు పెంచితే ఆకారం వచ్చేస్తుంది. నెఫ్రాన్ కన్నా ఎంతో సులువు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి మొదలయ్యాయి. అలాంటి చోట పనిచేసే టెక్నీషియన్ ఎవరైనా మీకు తెలిసి ఉంటే, నమూనా పిల్లలకు చూపించేముందు ఆయనకు చూపించి తప్పులు దిద్దించుకోండి.

మూత్రపిండం బయటి ఆకారం లాంటివి కావాలంటే అంతా మీరే చేయక్కర్లేదు. అమెరికా ఆరోగ్య సంస్థ ఎన్ఐహెచ్ నడిపే త్రీడీ సైట్లోనూ, స్కెచ్‌ఫ్యాబ్‌లోనూ ఉచితంగా దించుకునేవి దొరుకుతాయి. ఒక్కోదాని కింద లైసెన్స్ రాసి ఉంటుంది, చదవండి. సీసీ బై అని ఉంటే చేసినవారి పేరు వేసి వాడుకోవచ్చు. ఎన్‌డీ అని ఉంటే మార్పులు చేసి పంచకూడదు. ఎన్‌సీ అని ఉంటే డబ్బు సంపాదనకు వాడకూడదు. మీ నెఫ్రాన్‌ను కూడా సీసీ బై కింద పెట్టి, జీఎల్‌బీతో పాటు అసలు బ్లెండర్ ఫైల్ కూడా పంచండి. విజయనగరంలోనో పాలకొండలోనో ఇంకో మాస్టారు దాన్ని తెరిచి, తన పిల్లలకు తగ్గట్టు ప్రశ్న మార్చుకుంటారు. ఈ వేసవి సెలవులు మీకు సరిపోతాయి. వైర్లు మాత్రం ఈ ఆదివారమే కొనండి.